సైలెంట్ స్నో, సీక్రెట్ స్నో: ముందు కథ చదవండి, ఆ తర్వాతే సినిమా

పిల్లల మానసిక జబ్బు మీద నేను చదివిన కథల్లో నన్ను ఇంతగా పట్టుకుని వదలనిది ఇంకోటి లేదు, అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. కాన్రాడ్ ఐకెన్ అనే అమెరికన్ కవి రాసిన కథ, 1932లో వచ్చింది, పేరు సైలెంట్ స్నో, సీక్రెట్ స్నో. జీన్ కెర్నీ అనే డైరెక్టర్ దీన్ని రెండుసార్లు తీశాడు, ఒకసారి 1960ల్లో బ్లాక్ అండ్ వైట్ షార్ట్ ఫిల్మ్‌గా, మళ్ళీ 1971లో నైట్ గ్యాలరీ అనే టీవీ సిరీస్ కోసం కలర్‌లో. ఎక్కువమందికి తెలిసింది ఈ రెండోదే, నేను మాట్లాడేది కూడా దాని గురించే. ముందే చెప్పేస్తున్నా, కథకి పూర్తి మార్కులు, సినిమాకి కొంచెం తక్కువ, కానీ రెండూ వదులుకోకూడనివే. చివర్లో ఏం జరుగుతుందో కూడా కింద చెప్తాను, ఆ ముగింపు గురించి మాట్లాడకుండా ఈ కథ గురించి మాట్లాడటం కుదరదు. ముందే తెలిసిపోవడం ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆపి కథ చదివి రండి, గంటలోపే అయిపోతుంది.

పాల్ హాసిల్‌మన్ అని 12 ఏళ్ళ పిల్లాడు. డిసెంబర్‌లో ఒక పొద్దున మెలకువ వస్తుంది, ఇంకా లేవకుండా మంచం మీదే పడుకుని పోస్ట్‌మాన్ వచ్చే చప్పుడు కోసం వింటుంటాడు. రోజూ అయితే వీధి మలుపు దగ్గర్నుంచే ఆ బూట్ల చప్పుడు రాళ్ళ మీద టకటకా వినిపిస్తుంది, ఒక్కో ఇంటి తలుపు కొడుతూ దగ్గరికొస్తుంది. ఆ రోజు మాత్రం దూరంలో ఏమీ వినపడదు, బాగా దగ్గరికొచ్చాకే వినపడుతుంది, అది కూడా మెత్తగా, అణిగిపోయినట్టు. ఓహో రాత్రి మంచు పడిందన్నమాట అనుకుని సంబరంగా లేచి కిటికీలోంచి చూస్తే వీధి రాళ్ళు ఎప్పట్లాగే బోసిగా ఉంటాయి, మంచు లేదు, ఏమీ లేదు. అంతే, కథ మొదలైంది అక్కడే. మర్నాడు ఇంకో ఇల్లు దగ్గరికొచ్చాక గానీ అడుగులు వినపడవు, ఆ మర్నాడు ఇంకోటి. పాల్ పడుకుని లెక్కేసుకుంటుంటాడు, ఇలా పోతే ఒకరోజుకి అడుగులసలు వినపడవు, తలుపు కొట్టిన చప్పుడొక్కటే వినపడుతుంది, తర్వాత అది కూడా ఉండదు అని. ఆ లెక్క అతనికి దిగులుగా ఉండదు, ఎప్పుడొస్తుందా ఆ రోజు అని ఎదురుచూస్తుంటాడు. చదివేవాళ్ళకి మాత్రం గుండెలో రాయి పడుతుంది.

ఐకెన్ చేసిన గొప్ప పని నా లెక్కలో ఇదే. పాల్‌కి భయం వెయ్యదు. వాడికి అది దొరికిన నిధి. జేబులో అరుదైన స్టాంపు, పాత నాణెం, దారిలో దొరికిన చిన్న బంగారపు గొలుసు ముక్క, గవ్వ, ఇలాంటివి పెట్టుకుని ఎవరికీ చెప్పకుండా చేత్తో తడిమి చూసుకుంటే ఎంత సంతోషంగా ఉంటుందో ఈ మంచు సంగతి కూడా అలాగే ఉందని మొదటి పేజీలోనే రాస్తాడు. అమ్మానాన్నలకి తెలియకూడదు, తెలిస్తే పోతుంది. ఇప్పుడు మామూలుగా సినిమాల్లో పిల్లల మనసు చెదిరితే ఏం చూపిస్తారో గుర్తు చేసుకోండి, అరుపులు, చెవులు మూసుకోవడం, నల్లరంగుతో గీసిన బొమ్మలు, కళ్ళ కింద చారలు, లేదంటే ఆ పిల్లాడు పెద్ద మేధావి అయి ఉంటాడు. చూసిన వెంటనే ఏదో తేడాగా ఉంది అని మనకి తెలిసిపోతుంది. ఇక్కడ తెలిసే దారే లేదు, ఎందుకంటే జబ్బు వాడి దగ్గరికి బహుమతిలా వచ్చింది. సంతోషంగా, నెమ్మదిగా, మర్యాదగా ఉన్న పిల్లాణ్ణి చూసి ఏ తల్లి అయినా ఎందుకు కంగారు పడుతుంది చెప్పండి. తర్వాతెప్పుడో పడుతుంది, అప్పటికే ఆలస్యం.

ఇంకో విషయం కూడా గమనించాలి. మతి చెదిరితే ఎవరివో గొంతులు వినపడతాయని అందరూ అనుకుంటారు, అది నిజమే కూడా, స్కిజోఫ్రీనియాలో లేని మాటలు వినపడటం ఎక్కువగా కనిపించే లక్షణం. ఐకెన్ మాత్రం గొంతులతో మొదలుపెట్టలేదు, చప్పుళ్ళు తగ్గిపోవడంతో మొదలుపెట్టాడు. ముందు పోస్ట్‌మాన్ అడుగులు, తర్వాత క్లాసులో టీచర్ మాట, తర్వాత ఇంట్లో వాళ్ళ మాట, ఒక్కొక్కటీ వాడికీ వాటికీ మధ్య ఏదో మెత్తటి తెర పడ్డట్టు వెనక్కి వెళ్ళిపోతుంటాయి. అలా ఖాళీ అయిన చోటులోకి చాలా తర్వాత, ఒక రాత్రి, మంచు మాట్లాడటం మొదలుపెడుతుంది. ఈ వరస గుర్తుపెట్టుకోండి, సినిమా దగ్గరికొచ్చాక దీనితో పని ఉంది.

క్లాస్‌రూమ్ సీన్ నాకు చాలా ఇష్టం. మిస్ బ్యూయెల్ అనే టీచర్ గ్లోబ్ పెట్టుకుని జాగ్రఫీ చెప్తుంటుంది, పాల్ ముందు కూర్చున్న డియర్‌డ్రా అనే అమ్మాయి మెడ వెనక మచ్చలుంటాయి, అచ్చం సప్తర్షి మండలంలా. వాడు వాటినే చూస్తూ, పాఠం సగం వింటూ, లోపల మంచు గురించి ఆలోచిస్తూ కూర్చుంటాడు. టీచర్ ఉన్నట్టుండి పాల్ అని పిలుస్తుంది, హెన్రీ హడ్సన్ అనే సముద్రయాత్రికుడి గురించి ప్రశ్న, వాడు లేచి నిలబడి మాటలు వెతుక్కుని జవాబు చెప్పేసి కూర్చుంటాడు. ఎవరికీ అనుమానం రాదు. లోపల సగానికి పైగా వెళ్ళిపోయిన పిల్లాడు కూడా పిలిస్తే లేస్తాడు, అడిగితే చెప్తాడు, హోమ్‌వర్క్ ఇచ్చేస్తాడు. అందుకే మార్కులు బాగానే వస్తున్నాయి కదా, ఇంక వాడికేంటి అనేవాళ్ళు ఈ రెండు పేజీలు తప్పకుండా చదవాలి.

తర్వాత స్కూల్ నుంచి ఇంటికి నడుచుకుంటూ వచ్చే భాగం ఉంది, చాలామంది ఏమీ జరగట్లేదని గబగబా దాటేస్తారు, దయచేసి దాటకండి. మురుగు కాలవ పక్కన ఎండిన బురద, అందులో పుల్లలు, కాలిపోయిన అగ్గిపుల్లలు, గుడ్డు పెంకు ముక్కలు, గోధుమరంగు గులకరాయి, విరిగిన ఈక. పక్కన చిరిగిన పేపర్ ముక్క మీద ఎగ్జిమా (దురద పుట్టే చర్మ వ్యాధి) అని పెద్దక్షరాలు, కింద ఎవరో ఆవిడ ఏళ్ళ తరబడి బాధపడ్డానని, ఫలానా ఆయింట్‌మెంట్ పూసుకుంటే తగ్గిందని రాసిన ఉత్తరం, ప్రకటన అన్నమాట. వాడు అన్నీ చూస్తాడు, ఒక్కటీ వదలడు. ధ్యాస లేని పిల్లాడని పెద్దవాళ్ళు అనుకుంటున్న వాడికి మిగతా అందరికంటే ఎక్కువ కనపడుతోంది, అదే వాడి బాధ. ప్రపంచం మరీ దగ్గరగా, మరీ గరుకుగా, చర్మం మీద దురదలా ఉంది వాడికి, కాబట్టి అన్నిటినీ కప్పేసే తెల్లటిది ఏదైనా వస్తే దాని వైపే వెళ్తాడు. ఎగ్జిమా అన్న ఆ ఒక్క మాట అక్కడ ఊరికే పెట్టలేదు ఐకెన్.

ఇక డాక్టర్ సీన్. ఈ కథని నేను అందరికీ చదవమని చెప్పేది ముఖ్యంగా దీని కోసమే. వాడు మరీ పరధ్యానంగా ఉంటున్నాడని తల్లిదండ్రులు రాత్రిపూట డాక్టర్‌ని ఇంటికి పిలిపిస్తారు. హాల్లో అందరి ముందు పరీక్ష. డాక్టర్ మంచివాడే, నవ్వుతూనే మాట్లాడతాడు. గుండె వింటాడు, కళ్ళలోకి లైట్ వేసి చూస్తాడు, షెల్ఫ్‌లోంచి పుస్తకం తీసి ఇది చదువు బాబూ అంటాడు, పాల్ తడబడకుండా చదివేస్తాడు, అది ప్రాచీన గ్రీకు రచయిత సోఫొక్లిస్ నాటకం, కొలోనస్‌లో ఈడిపస్. శరీరంలో ఎక్కడా లోపం లేదు. అప్పుడు డాక్టర్ అడుగుతాడు, నిన్ను ఏదైనా బాధపెడుతోందా అని. వాడు లేదంటాడు. నిజమే చెప్పాడు వాడు! బాధపెట్టట్లేదు, సంతోషపెడుతోంది. ప్రశ్నే తప్పు ప్రశ్న. నిన్ను ఏది సంతోషపెడుతోంది అని అడిగుంటే ఏం చెప్పేవాడో అని నేను చాలాసేపు ఆలోచించాను. అప్పటికే మంచు ఆ హాల్లో మూలల్లో చేరి ఉంటుంది, ఆగు పాల్, మనం ఒంటరిగా ఉన్నప్పుడు నీకో కొత్త సంగతి చెప్తాను అని గుసగుసలాడుతుంటుంది. ఇంకా గుచ్చి గుచ్చి అడుగుతారు, దేని గురించి ఆలోచిస్తుంటావు అని. తండ్రి గొంతు మెల్లగా మారుతుంది, శిక్ష వేసేటప్పటి గొంతు అని పాల్‌కి బాగా తెలిసిన గొంతు అది. ఆఖరికి వాడి నోట్లోంచి మంచు గురించి అన్న మాట వచ్చేస్తుంది. ఆ మాట పెద్దవాళ్ళకి అందదు. ముగ్గురు పెద్దవాళ్ళు, ముగ్గురికీ వాడంటే శ్రద్ధ ఉంది, వాడు నిజం చెప్పాడు, అయినా ఒక్కరికీ చేరలేదు. నేను ఇంత నిస్సహాయంగా కూర్చుని చదివిన సీన్లు తక్కువ.

అక్కణ్ణుంచి వాడు మేడమీద తన గదిలోకి పరిగెడతాడు. గదినిండా మంచు, ఇన్నాళ్ళూ దాచిన కథ చెప్తాను పడుకో అంటుంది. తల్లి వెనకాలే వస్తుంది, పట్టుకోబోతుంది, వాడు వెళ్ళిపో, నువ్వంటే నాకు అసహ్యం అని అరుస్తాడు. ఆ అరుపుతో అన్నీ సర్దుకుంటాయి, మంచు మళ్ళీ మాట్లాడుతుంది, ఇది విచ్చుకునే కథ కాదు, లోపలికి ముడుచుకునే కథ, పువ్వు తిరిగి విత్తనమైపోవడం లాంటిది అంటుంది. ప్రపంచమంతా కదిలే తెల్లటి తెర అయిపోతుంది, చలి, నిద్ర, అంతే. తర్వాత ఏమైంది, వాడు బాగయ్యాడా, ఆస్పత్రిలో చేర్చారా, ఏమీ చెప్పడు. చెప్పకపోవడమే సరైనది అంటాను నేను, ఎందుకంటే కథ మొత్తం పాల్ లోపలి నుంచే చూశాం, వాడికి బయట లేకుండా పోయాక మనకి మాత్రం ఎక్కడుంటుంది.

దీన్ని కొందరు ఇంకోలా చదువుతారు. ఇది కవి హృదయం ఉన్న పిల్లాడి కథ, మొద్దు ప్రపంచం నుంచి కల్పనలోకి పారిపోయాడు, స్వేచ్ఛ దొరికింది అని. నేను అస్సలు ఒప్పుకోను. పిల్లలకి కల్పన ఉంటుంది, కనపడని స్నేహితులుంటారు, వాళ్ళతో మాట్లాడతారు, పోట్లాడతారు, అది మామూలే, ఆరోగ్యమే. ఆ ఆటలోకి వెళ్ళిన పిల్లలు తిరిగొస్తారు, ఆ స్నేహితుడి గురించి అమ్మకి చెప్తారు, వీలైతే అమ్మని కూడా ఆటలోకి లాగుతారు. పాల్ దారి రోజురోజుకీ ఇరుకవుతుంది, ఒక్కో మనిషినీ బయట వదిలేస్తూ పోతాడు, చివరికి తల్లిని కూడా. మంచు అందంగా ఉంది కదా అని అది మంచిదైపోదు. అందంగా ఉండటమే దాని ప్రమాదం. ఐకెన్ వాక్యాలు కూడా ఎంత మత్తుగా ఉంటాయంటే చివరి పేజీకొచ్చేసరికి మనం కూడా డాక్టర్ వెళ్ళిపోతే బాగుండు, తల్లి రాకపోతే బాగుండు అనుకుంటుంటాం, అలా అనుకున్నామని తర్వాత గుర్తొస్తే ఒళ్ళు జలదరిస్తుంది. బయట నిలబడి ఎంత వివరించినా రాని అవగాహన అలా వస్తుంది.

రాసినాయన జీవితం గురించి కూడా చెప్పాలి. ఐకెన్ 1889లో జార్జియా రాష్ట్రంలో సవానాలో పుట్టాడు. తండ్రి డాక్టర్, కళ్ళ ఆపరేషన్లు చేసేవాడు. 1901లో ఆ తండ్రి భార్యని తుపాకీతో కాల్చి తనూ కాల్చుకున్నాడు. ఆ శవాలని చూసింది 11 ఏళ్ళ కాన్రాడ్. తర్వాత తమ్ముళ్ళూ చెల్లెలూ ఒక దగ్గర, ఇతను మసాచుసెట్స్‌లో బంధువుల దగ్గర, ఇలా విడిపోయి పెరిగారు. తండ్రికి మతి చెదిరినట్టే తనకీ చెదురుతుందేమో అన్న భయం జీవితమంతా వెంటాడింది. ఇంత తెలిశాక డాక్టర్ వచ్చి పిల్లాడి కళ్ళలోకి లైట్ వేసే సీన్ ఇంకోసారి చదవండి, చేతులు చల్లబడతాయి. అలాగని ఇది ఆయన ఆత్మకథే అనట్లేదు, పాల్ ఇంట్లో తుపాకీ లేదు, గొడవల్లేవు, దెబ్బల్లేవు, అంతా మామూలు ఇల్లు. కావాలనే అలా పెట్టాడనిపిస్తుంది నాకు. ఏదైనా ఘోరం చూపించి ఉంటే మనం అదిగో కారణం అని వేలు పెట్టి చూపించి నిశ్చింతగా పుస్తకం మూసేసేవాళ్ళం. అసలు కథ మొదటి వాక్యమే ఇది ఎందుకు జరిగిందో, అప్పుడే ఎందుకు జరిగిందో వాడు చెప్పలేడు అని మొదలవుతుంది.

జబ్బు పేరు కూడా కథలో ఎక్కడా ఉండదు. చాలామంది స్కిజోఫ్రీనియా అంటారు, లక్షణాలు చూస్తే నాకూ అదే దగ్గరగా అనిపిస్తుంది, కానీ 13 ఏళ్ళలోపు అది రావడం చాలా అరుదు, ఎక్కువగా టీనేజ్ చివర్లోనో ఇరవైల్లోనో బయటపడుతుంది. కొందరు ఆటిజం అంటారు, దానికి ఈ కథ సరిగ్గా అతకదు, ఎందుకంటే ఆటిజం చిన్నప్పటి నుంచే ఉంటుంది, 12వ ఏట ఒక పొద్దున మొదలవ్వదు. ఈ గందరగోళానికి కారణం కూడా ఉంది. ఆటిజం అన్న మాటని మొదట వాడింది స్కిజోఫ్రీనియాకి పేరు పెట్టిన బ్లాయిలర్ అనే సైకియాట్రిస్టే, తనలోకి తాను ముడుచుకుపోవడం అన్న అర్థంలో. పిల్లల సైకియాట్రిస్ట్ లియో కానర్ 1943లో పిల్లల్లో దాన్ని విడిగా వర్ణించేదాకా, ఆ తర్వాత కూడా చాలాకాలం రెండిటినీ కలిపే చూశారు, అమెరికన్ సైకియాట్రీ మాన్యువల్‌లో 1980లో గానీ పూర్తిగా విడదియ్యలేదు. కథ వచ్చిన 1932కి కానర్ పేపర్ లేదు, సైకోసిస్‌కి, అంటే లేనివి ఉన్నట్టు అనిపించే స్థితికి, మందుల్లేవు, మొదటి మందు క్లోర్‌ప్రోమజీన్ 1950ల్లో గానీ రాలేదు. ఆ డాక్టర్ దగ్గర లైటూ పుస్తకమూ తప్ప ఇంకేముంటాయి పాపం. ఇప్పుడైతే పిల్లల సైకియాట్రిస్టులున్నారు, మందులున్నాయి, కుటుంబంతో కలిపి చేసే కౌన్సెలింగ్ ఉంది, త్వరగా పట్టుకుంటే మేలు జరుగుతుంది. నిజంగా ఇంట్లో పిల్లలెవరైనా ఉన్నట్టుండి స్నేహితుల్ని వదిలేసి, ఇష్టమైనవి మానేసి, లోపలికి లోపలికి వెళ్ళిపోతుంటే వయసు అలాంటిదిలే అని వదిలెయ్యకుండా చూపించండి.

సరే సినిమా. నైట్ గ్యాలరీ అంటే రాడ్ సర్లింగ్ నడిపిన సిరీస్, ట్విలైట్ జోన్ తీసినాయనే. ఒక్కో కథకీ ముందు ఆయనొచ్చి ఒక పెయింటింగ్ చూపించి రెండు ముక్కలు చెప్తాడు, తర్వాత కథ. ఇది 1971 అక్టోబర్‌లో ప్రసారమైంది. పాల్‌గా రాడమెస్ పేరా అనే అబ్బాయి చేశాడు, తర్వాత కుంగ్ ఫు సిరీస్‌లో చిన్నప్పటి హీరోగా వేసింది ఇతనే. కథ చెప్పే గొంతు ప్రసిద్ధ అమెరికన్ నటుడు, డైరెక్టర్ ఆర్సన్ వెల్స్‌ది, తెర మీద కనపడడు, గొంతొక్కటే.

ఆ అబ్బాయి ఎంపిక అద్భుతం. మొహంలో పెద్దగా ఏ కదలికా ఉండదు, కానీ కళ్ళు ఎక్కడో ఉంటాయి, మాట్లాడేవాళ్ళ మొహం దాటి వెనక దేన్నో చూస్తున్నట్టు. ఏడవడు, భయపడడు, వింతగా నవ్వి మనల్ని భయపెట్టడు. పిల్లల చేత ఇలాంటి పాత్ర చేయించేటప్పుడు డైరెక్టర్లు ఎంత అతి చేయిస్తారో తెలిసిందే కదా, కెర్నీ ఆ అబ్బాయిని ప్రశాంతంగా ఉండనిచ్చాడు. ఇదే కథని అంతకుముందు ఒకసారి తీసి ఉండటం వల్లేమో ఎక్కడా కంగారు లేదు, ఐకెన్ వాక్యాల మీద గౌరవం కనపడుతుంది. నిడివి కూడా పెంచలేదు, అరగంట కూడా లేదు, పక్క కథలు అతికించలేదు. పోలీసుల్లేరు, పక్కింటివాళ్ళు లేరు, చివర్లో సైకియాట్రిస్ట్ వచ్చి అంతా వివరించడం లేదు, దానికి చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

వెల్స్ గొంతు గురించి నాకు రెండు మనసులున్నాయి. రేడియోలో పుట్టి పెరిగిన గొంతు అది, 1938లో వార్ ఆఫ్ ది వరల్డ్స్ నాటకంతో దేశాన్నే కదిలించినాయన, ఐకెన్ వాక్యం ఎక్కడ వంగాలో ఎక్కడ ఆగాలో ఆయనకి తెలుసు. పైగా ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరికీ వినపడదు, మనకీ పాల్‌కీ తప్ప, కాబట్టి చూస్తూ చూస్తూ మనం కూడా ఆ రహస్యంలో భాగమైపోతాం. అది గొప్పగా పనిచేసింది. కానీ పైన చెప్పాను కదా, కథలో జబ్బు మొదలయ్యేది చప్పుడు తగ్గిపోవడంతో. సినిమాకి చేతిలో సౌండ్ ఉంది, ఆ పనిని పుస్తకం కంటే బాగా చెయ్యగలిగేది సినిమానే. అడుగుల చప్పుడు ఒక్కో రోజూ తగ్గించి, టీచర్ మాటని మసకబారించి, అమ్మ పెదవులు కదులుతుంటే మాట వినపడకుండా చేసి, మన చెవుల్లోనే ఆ మంచు పడేలా చెయ్యొచ్చు. అక్కడ ఖాళీగా ఉండాల్సిన చోటంతా వెల్స్ గొంతు నింపేసింది. ఆ గొంతు సగం తగ్గించి ఉంటే ఈ సినిమా ఇంకో మెట్టు పైన ఉండేదని నా నమ్మకం.

మంచుని చూపించడం దగ్గర ఇంకో చిక్కు. పుస్తకంలో మంచు లేదని మనకి తెలుసు, ఉందని పాల్‌కి తెలుసు, ఒకే వాక్యంలో రెండూ ఉంటాయి. తెర మీద చూపించగానే అది అందరికీ ఉన్నట్టే. చూపించకపోతే వాడి సంతోషం మనకి అందదు. దీనికి తేలిక దారి లేదు, కెర్నీ చూపించే దారి తీసుకున్నాడు, తప్పు పట్టను, అందంగానే తీశాడు. నాకున్న అసలు ఫిర్యాదు కథని పెట్టిన చోటు గురించి. దెయ్యాల కథల సిరీస్‌లో వచ్చేసరికి చూసేవాళ్ళు మంచు వెనక ఏ భూతముందో అని ఎదురుచూస్తారు. బయటి నుంచి ఏదో వచ్చి పిల్లాణ్ణి పట్టుకుంది అన్న అర్థం తెలియకుండానే వచ్చేస్తుంది. కథలో అలాంటిది లేదు, వచ్చిందేదైనా వాడి లోపలి నుంచే వచ్చింది, పట్టుకున్నది కూడా వాడే. జబ్బుని పూనకంగా చూసే అలవాటు ఎన్ని కుటుంబాలని ఎన్ని ఏళ్ళు డాక్టర్ దగ్గరికి వెళ్ళనివ్వకుండా ఆపిందో తెలిసినవాళ్ళకి ఇది చిన్న విషయంగా అనిపించదు.

తల్లి గురించి ఒక మాట. కథ చదివినా సినిమా చూసినా చాలామంది ఆవిణ్ణి తప్పుపడతారు, ప్రేమ లేదు, చల్లటి మనిషి అని. ఆ సినిమా వచ్చిన రోజుల్లో ఈ ఆలోచన డాక్టర్లలోనే ఉండేది, తల్లి ప్రేమ చూపించకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారని చెప్పి ఎంతోమంది తల్లుల్ని ఏడిపించారు, పిల్లల మానసిక నిపుణుడిగా పేరున్న బెటెల్‌హైమ్ 1967లో ఆటిజం మీద ఏకంగా పుస్తకమే రాశాడు, తర్వాత అది తప్పని తేలిపోయింది. కథని జాగ్రత్తగా చదవండి, వాడిలో మార్పు కనిపెట్టింది ఆవిడ, కళ్ళు అలసిపోతున్నాయేమో అని కొత్త దీపం తెచ్చిపెట్టారు, డాక్టర్‌ని పిలిపించారు, ఆఖర్న వాడి వెనకాల మేడెక్కి పరిగెత్తింది కూడా ఆవిడే. మనకి చల్లగా కనపడుతోందంటే మనం చూస్తున్నది పాల్ కళ్ళతో కాబట్టి. సినిమాలో కెమెరా పాల్ కళ్ళలోంచి బయటికొచ్చి ఆవిడ మొహం మీద ఇంకాస్త సేపు ఆగి ఉంటే బాగుండేది.

ఎవరు చూడొచ్చు అంటే, టీచర్లు తప్పకుండా, పెద్ద పిల్లలున్న అమ్మానాన్నలు తప్పకుండా. కథలు రాసేవాళ్ళు పుస్తకం రెండుసార్లు చదవండి. ఇప్పుడు డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళకి, ముఖ్యంగా ఆ వయసు పిల్లలకి మాత్రం ఒంటరిగా చదవమని ఇవ్వకండి, ఆ చివరి పేజీ పిలుపు చాలా బలంగా ఉంటుంది, పక్కన ఎవరైనా ఉండి తర్వాత మాట్లాడగలిగితేనే ఇవ్వండి. సినిమాకి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, వెల్స్ గొంతు గదిలో పెట్టుకుని వింటే సగమే అందుతుంది. ఎపిసోడ్‌లో ఇది రెండో కథ, ముందు ఫాంటమ్ ఫార్మ్‌హౌస్ అని వేరే కథ ఉంటుంది, దాన్ని దాటించి నేరుగా దీనికి రండి, అది ఇంకో రోజు చూసుకోవచ్చు.